మునకకొక ముద్ర

కాగితము లేనిదే మనిషి లేడను కాలములో మనమున్నాము. పుట్టినందుకొక పత్రము, గిట్టినందుకొక పత్రము, కులమునకొకటి, ఆదాయమునకొకటి, నివాసమునకొకటి. వీనిలో పెక్కింటి వెనుక అన్నము కలదు. 2006 నాటి అటవీహక్కుల చట్టము ననుసరించి పోడుభూమికి పట్టా పొందిన కోయరైతు ఆ కాగితమును దేవుని పటము ప్రక్కన దాచుకొనుటలో వింత లేదు. అది వాని నేల, వాని గింజ. కాని అవసరము పుట్టించిన పత్రము వేఱు, పత్రము పుట్టించిన అవసరము వేఱు. ఈ రెండవ జాతి పత్రములకు నేడు తలమానికముగా నున్నది, వీపున గాలిసిలిండరు కట్టుకొని సముద్రములో మునుగు స్కూబా విద్యలోని యోగ్యతాపత్రముల దొంతర.

ములకలపల్లి అడవిలో కూర్చుండి సముద్రపు మాట లేలయని పాఠకులు నవ్వవచ్చును. మాకు సముద్రము లేదుగాని నీటి పరిచయము లేకపోలేదు. కిన్నెరసాని మా పొరుగు నది. 2024 ఆగష్టు 15న పూసుగూడెమున సీతారామ ఎత్తిపోతల పంపులు తిరిగిననాడు గోదావరియే మా మండలమునకు మెట్లెక్కి వచ్చినది. మఱియు, పట్టణములలో కొలువులు చేయు మన పిల్లలు సెలవులకు అండమానులకో, గోవాకో, విశాఖ ఋషికొండకో పోయి, వచ్చునపుడు జేబులో ఒక కార్డు తెచ్చుచున్నారు. ఒకటైన సంతోషమే. మరుసటి యేడు రెండు, ఆపై యేడు నాలుగు. పెండ్లిపందిళ్లలో పూర్వము మామగారు భూములను లెక్కించి చెప్పినట్లు, ఇప్పుడు అల్లుడుగారు కార్డులను లెక్కించి చెప్పుచున్నాడు.

ఈ విద్య పుట్టుక గౌరవింపదగినది. 1943లో ఫ్రాన్సుదేశమున కూస్తో అను నావికుడును, గాన్యా అను ఇంజనీరును కలిసి, పీల్చినపుడు మాత్రమే, ఆ లోతునకు తగిన ఒత్తిడితో గాలి నందించు సాధనమును తయారుచేసిరి. మనుష్యునకు క్రొత్త లోకము తెరువబడెను. 1966లో అమెరికాలో క్రోనిన్, ఎరిక్‌సన్ అను ఇద్దరు మిత్రులు ‘పాడీ’ యను శిక్షకుల సంస్థను నెలకొల్పిరి. వారిలో ఒకడు మునుగు సామగ్రి నమ్ము వర్తకుడు, ఒకడు ఈత నేర్పు ఉపాధ్యాయుడు. అంగడియు బడియు నాడే ఏకమైనవన్నమాట. ఆ సంస్థ ఆంగ్లనామములోని నాలుగు పొడి యక్షరములకు ‘ఇంకొక డాలరు వేయుము’ అని మునుగువారే విరుపు చెప్పుకొని నవ్వుకొందురు. మన భాషలో అంత శ్రమ యక్కఱలేదు. తెలుగున పాడి యనగా న్యాయము. పాడి యనగా పాలిచ్చు పశుసంపద కూడ. సంస్థ మొదటి యర్థముతో ఆరంభించి రెండవ యర్థమున స్థిరపడినదో లేదో, కార్డులు కొన్నవారే చెప్పవలెను.

ఆ మెట్లెట్టివో చూడుడు. కొంత పాఠము, కొలనులో కొంత అభ్యాసము, సముద్రములో నాలుగు మునకలు: మొదటి కార్డు చేతికి వచ్చును; 18 మీటర్ల లోతు వరకు పోవచ్చును. మరి యైదు మునకలు వేసినచో ‘ఉన్నతశ్రేణి’ మునుగువాడు; 30 మీటర్లు. వెరసి తొమ్మిది మునకలకు ఉన్నతశ్రేణి! మా వాగొడ్డు పిల్లవాడు ఆదివారమునాడు అన్నము వేళకు ముందే తొమ్మిది వేయును. తల్లి వాని నేమియు బిరుదు పెట్టి పిలువదు, బెత్తము పట్టుకొని పిలుచును. ఆపైన రక్షకుడు. అటుపైన అయిదు ప్రత్యేక శాఖలలో కార్డులు సంపాదించి, 50 మునకలు లెక్క చూపినవాడు ‘ఆచార్య’ పదవికి అర్హుడు. యాబదిసార్లు కోర్టు గుమ్మము దాటిన గుమాస్తాను మహాన్యాయవాది యనినట్లున్నది.

ఆ ప్రత్యేక శాఖలే రసవత్తరములు. పడవమీదినుండి నీటిలో దిగి మరల పడవ యెక్కుటకొక శాఖ. చేపలను చూచి ఇది యేజాతిదో చెప్పుటకొక శాఖ. ఈ లెక్కను మా సంతలో చేపలమ్ము అవ్వ విశ్వవిద్యాలయమునకు కులపతి కావలసినది. రాత్రి మునుగుటకొకటి, ప్రవాహముతో పాటు కొట్టుకొనిపోవుటకొకటి, ఛాయాచిత్రములు తీయుటకొకటి, తేలక మునుగక నడుమ నిలుచుటకొకటి. సామగ్రిని గూర్చిన విశేషజ్ఞతకును, పగడపుదిబ్బల సంరక్షణకును కార్డులున్నవి; వానికి నీటిలో దిగనే యక్కఱలేదు. కాలు తడియకుండ మునుగువాడగు భాగ్యము పూర్వ మెవరికి కలిగినది?

సముద్రమట్టమునకు 300 మీటర్లకు పైనున్న జలములలో మునుగుటకు వేఱొక శిక్షణ కలదు. హైదరాబాదు 500 మీటర్లకు పైబడిన యెత్తున నున్నది. కావున హుస్సేనుసాగరము ఆ తరగతి జలమే. ఏటేటా అచ్చట వేలకొలదిగా మునుగు విఘ్నేశ్వరులలో ఒక్కరికైనను ఆ కార్డు లేదు. కాళ్లకు చేపతోక తొడిగికొని ఈదుటకు మత్స్యకన్య శిక్షణము కొలది యేండ్ల క్రిందట ఆరంభమైనది. చచ్చి లేచిన పీనుగులు వెంటబడినచో నీటి యడుగున తప్పించుకొను విధమునకు సయితము కొందరు శిక్షకులు సరదాశాఖ యొకటి కల్పించి కార్డులిచ్చుచున్నారు. బేతాళుని భుజమున వేసికొని ఇన్నిసార్లు శ్మశానము దాటిన విక్రమార్కుడు ఏ కార్డు చూపెనో కథలో లేదు.

ఇదే త్రోవలో మనమును కొన్ని శాఖలు నెలకొల్పవచ్చును. పాచిపట్టిన చెరువుమెట్లపై జారక దిగువానికొకటి. గేదెల నడుమ ఈదువానికొకటి. గేదెతోక పట్టుకొని ఏరు దాటినవానికి దానిలోనే ఉన్నతశ్రేణి. పుష్కరములలో మూడు మునకలు వేసి, సంకల్పము చెప్పి, చెప్పులు పోగొట్టుకొనకుండ గట్టెక్కినవానికి ఆచార్యపదవి. రుసుము చెల్లించినచో పురోహితుడు సంతకము చేయును.

నవ్వితిమి, ఇక న్యాయము చెప్పవలెను. మొదటి కార్డును పరిహసించువాడు నీటి స్వభావ మెరుగనివాడు. ప్రతి 10 మీటర్లకు నీటి ఒత్తిడి మనము పుట్టినది మొదలు మోయుచున్న గాలి బరువంత చొప్పున పెరుగును. పది మీటర్ల లోతున సిలిండరు గాలితో నిండిన ఊపిరితిత్తులు, ఊపిరి వదలక పైకి వచ్చినచో, రెండింతలుగా ఉబ్బజూచును, ఉబ్బలేక చినుగును. మన పల్లెయీతగానికి ఈ భయము లేదు. వాడు గట్టుమీది గాలినే పీల్చి మునిగి, ఆ గాలితోనే పైకి వచ్చును. కనుకనే ప్రమాదము: ‘ఊపిరి బిగబట్టు’ మను తాతల పాఠము ఒట్టి ఈతలో ప్రాణము పోయును, సిలిండరుతో ప్రాణము తీయును. లోతున ఎక్కువసేపు నిలిచినచో గాలిలోని నత్రజని నెత్తురులో కరగును. త్వరపడి పైకి వచ్చినచో సోడాసీసా మూత తీసినట్లు బుడగలుగా పొంగి కీళ్లను, వెన్నుపామును పట్టును. ఎంత లోతునుండి ఎంత నిదానముగా లేవవలెనో చెప్పు పట్టికలను 1908లో హాల్డేను అను శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. ఇంత శాస్త్రమును నాలుగు దినములలో బుఱ్ఱకెక్కించి, ‘ఇంతకు మించి దిగకు’ మని గీత గీసి యిచ్చు మొదటి కార్డు నిజముగా రక్షరేకు. గుహలలో, మంచుక్రింద, మునిగిన ఓడల గర్భములలో దూరువారికి వేఱు శిక్షణ యుండుటయు పాడియే. అచ్చట తలయెత్తిన గాలి లేదు, పైకప్పున్నది.

నా యాక్షేపణము విద్యమీద కాదు, విద్యకు కట్టిన చిల్లరమీద. ఒక్క విద్యను ఇరువది తునకలుగా కోసి తునకకొక ధర, తునకకొక ముద్ర పెట్టినచో కొన్నవానికి తాను ఇరువది విద్యలు నేర్చితినను భ్రమ కలుగును. ఆ భ్రమయే నీటిలో ప్రమాదము. తొమ్మిది మునకలవాడు తన్ను ఉన్నతుడని నమ్మినచో, పదియవ మునకలో సముద్రము వానితో ఏకీభవింపక పోవచ్చును.

మాకు చేరువలోని కొత్తగూడెము సింగరేణి గనులలోను యోగ్యతాపత్రములున్నవి. సర్దారుకు కలదు, ఓవర్‌మన్‌కు కలదు, మందుపాతర పేల్చువానికి కలదు, గనిలోని విషవాయువును పరీక్షించువానికి కలదు. కాని గనిలో దిగి చెమటోడ్చిన అనుభవము చూపనిదే ఆ పరీక్షకు కూర్చుండనీయరు. తప్పినచో తిరిగి రమ్మందురు. ఆ కాగితము వెనుక క్రిందనున్న కూలీల ప్రాణము లున్నవని ఇచ్చువాడును పుచ్చుకొనువాడును ఎరుగుదురు. అనుభవము ముందు, పత్రము వెనుక: ఇది గని ధర్మము. రుసుము ముందు, పత్రము వెంటనే, అనుభవము వీలైనపుడు: ఇది వినోదపు ధర్మము. రెండింటిని ఒకే పేరున యోగ్యతాపత్రమనుట భాషకు చేయు ద్రోహము.

ఈ విషయమున గోదావరి మనకు చెప్పిన పాఠమొకటి కలదు. 2019 సెప్టెంబరు 15, ఆదివారము. భద్రాచలమునకు దిగువన పాపికొండల త్రోవలో, దేవీపట్నము మండలము కచ్చులూరు కడ, వరద 5 లక్షల క్యూసెక్కులకు పైగా పోవుచుండగా ‘రాయల్ వశిష్ఠ’ యను విహారపు బోటు తిరుగబడెను. ఎక్కినవారు డెబ్బదికి పైచిలుకు. వరంగల్లు ప్రక్కనున్న కడిపికొండనుండి వచ్చిన చుట్టపక్కాలు, హైదరాబాదువారు, విశాఖవారు, పసిపిల్లలు అందులో నుండిరి. ప్రాణములతో బయటపడినవారు 26 మంది. వారిని నీటినుండి లాగినదెవరు? ఒడ్డున నున్న గిరిజనపల్లెలవారు, తమ నాటుపడవలతో. వారి జేబులో కార్డు లేదు. చాలమందికి జేబే లేదు. కచ్చులూరు కడ సుడి యెట్లు తిరుగునో, ఏ ప్రక్కనుండి చేరిన పడవ నిలుచునో వారికి తెలియును. ఆ తెలివికి ముద్ర లేదు.

తరువాతి సంగతి మరింత గమనింపదగినది. మునిగిన బోటు 200 అడుగులకు మించిన లోతున, బురదలో, సుళ్ల క్రింద కూరుకొనిపోయెను. వినోదపు శిక్షణలలో మిక్కిలి పెద్ద కార్డు అనుమతించు 40 మీటర్లకు ఇది చాల క్రింద. జాతీయ విపత్తు దళము వచ్చెను, నౌకాదళపు మునుగువారు వచ్చిరి, యంత్రములతో నది యడుగును శోధించిరి. వారి శౌర్యమునందు లోపము లేదు. ఆ ప్రవాహము వారి కొలతలకు లొంగలేదు. తుదకు కాకినాడవాసి ధర్మాడి సత్యమును, వాని జట్టును పిలిచిరి. ఇనుపతాడు, లంగరు, ఒడ్డున లాగు యంత్రము, నది నెరిగిన బుద్ధి: ఇవి వారి సామగ్రి. తాడు తెగెను, వరద తఱిమెను, పని ఆగెను, మరల మొదలాయెను. విశాఖనుండి సిలిండర్లు కట్టుకొని మునుగువారు వచ్చి తోడై క్రిందికి దిగిరి. అక్టోబరు 22న, ప్రమాదమైన 38వ దినమున, బోటు గట్టుకు వచ్చెను. అందు చిక్కిన శవములు తమవారికి చేరెను. ఒట్టి అనుభవము వలననే కాలేదు, ఒట్టి సిలిండరు వలననే కాలేదు. అనుభవము సాధనము చేయి కలిపినపుడు అయ్యెను. ఈ వాక్యమును మఱువకుందుము.

ఇది మన నదికే చెల్లు మాట కాదు. 2018లో థాయిలాండున వరద నిండిన గుహలో 12 మంది బాలురును వారి శిక్షకుడును చిక్కుకొనినపుడు, జూలై 2న వారిని కనుగొనినవారు ఇంగ్లండునుండి వచ్చిన ఇద్దరు. ఒకడు పని విరమించిన అగ్నిమాపక భటుడు, ఒకడు కంప్యూటరు పనివాడు. దశాబ్దములుగా గుహలలో దూరి నేర్చిన నిదానమే వారి యాస్తి. అదే ప్రయత్నములో, థాయి నౌకాదళమున పూర్వము పనిచేసిన ఒక సుశిక్షితుడు గాలి మోసికొనిపోయి ప్రాణము విడిచెను. శిక్షణ పొందినవానిని కూడ నీరు క్షమింపనపుడు, ముద్రను మాత్రమే పొందినవాడు గర్వపడుట యెట్లు?

న్యాయవాదిగా ఒక మాట. న్యాయస్థానమున నిపుణుని సాక్ష్యమునకు 1872 నాటి సాక్ష్యచట్టములో 45వ సెక్షను ఉండెను; 2024 జూలై 1 నుండి దాని స్థానమున భారతీయ సాక్ష్య అధినియమములోని 39వ సెక్షను అమలులో నున్నది. నిపుణుడనగా ఎవడు? పట్టభద్రుడని చట్టము చెప్పలేదు, కార్డు గలవాడని చెప్పలేదు. ఆ విషయమున విశేషనైపుణ్యము గలవాడని చెప్పినది. నైపుణ్యము ఎట్లు వచ్చెనని న్యాయమూర్తి యడుగును; జీవితమున వచ్చినదన్నను వినును. దొరలు వ్రాసిన చట్టమునకే ఇంత యింగితముండగా, మన కచ్చేరులకును మన సమాజమునకును లేకపోవుట యేమి న్యాయము?

ఏలనన, మన గజయీతగాని స్థితి చూడుడు. వాగులో ఎవడైన మునిగెనా, అర్ధరాత్రియైనను వానికే కబురు పోవును. వాడు వచ్చును, చలిలో, బురదలో, ముండ్లకంపలలో తడవి శవమును తీయును. ఆకస్మిక మరణములపై ఇప్పటి నాగరిక సురక్షా సంహిత 194వ సెక్షను క్రింద విచారణ జరుగును. నా వృత్తిలో అట్టి పంచనామాలు నేను చాల చదివితిని. చచ్చినవాని పేరు, తండ్రి పేరు, వయస్సు, ఒంటిమీది గుడ్డరంగు అన్నియు నుండును. ప్రాణమునకు తెగించి నీటిలో దిగినవాడు ‘గజయీతగాండ్ర సాయమున’ అను రెండు మాటలలో ముగిసిపోవును. 2015 జూలైలో గోదావరి పుష్కరములందు భద్రాచలము రేవున నేను సేవకుడనై నిలిచినపుడు, పడవలలో పగలెల్ల ఎండకు మాడి యాత్రికులను కాచినవారిని చూచితిని. పుష్కరములు ముగిసిన మరునాడు వారు ఎప్పటివలె వల భుజమున వేసికొని పోయిరి. పట్నపు యువకుడు చేపను గుర్తించినందుకు కార్డు. ఇతడు మనిషిని తీసినందుకు ఒక టీ. ఇది యేటి పాడి?

ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క ప్రకారము 2021లో భూమిమీద సుమారు 3 లక్షలమంది నీట మునిగి చనిపోయిరి. మన దేశపు నేరనమోదు సంస్థ లెక్కలలో ఏటేటా 30 వేలకు పైగా ఇట్టి మరణములు కన్పట్టుచున్నవి. వీరిలో పగడపుదిబ్బలు చూడబోయినవారెందరు? చెరువులో ఎడ్లు కడుగబోయినవారు, వాగు దాటి బడికి పోవువారు, బట్టలుతుకబోయిన తల్లులు, సెలవునాడు స్నానమునకు దిగిన విద్యార్థులు. పదవ తరగతి పత్రము చేతబట్టి బయటికి వచ్చు పిల్లవానికి అన్ని పాఠములలో మార్కులుండును. మోకాటిలోతు తప్పినచో గట్టెక్కు విద్య యుండదు. ఉండవలసిన చోట పత్రము లేదు, ఉండనక్కఱలేని చోట దొంతరలున్నవి.

కావున చేయదగిన దేమి? మొదటిది: నదియొడ్డు, వాగొడ్డు మండలములన్నింట గజయీతగాండ్ర పట్టిక యొకటి వ్రాయవలెను. పిలిచిననాటికి కూలి, ప్రాణమునకు బీమా, పంచనామాలో పేరు: ఈ మూడును దయ కాదు, హక్కు. రెండవది: ఆ మొదటి కార్డు శిక్షణ, అనగా ప్రాణము నిలుపు ఆ శాస్త్రము మాత్రము, వారికి తెలుగులో, సర్కారు ఖర్చుతో నేర్పవలెను. డాలర్లు పోసి కొనువారికి కాదు, సిలిండరుతో దిగవలసివచ్చినపుడు దానిని వాడవలసినవారికి అది కావలెను. మూడవది: పడవకు తనిఖీపత్రము, నడుపు సరంగునకు అర్హతాపత్రము ఉండవలెనని 1917 నాటి చట్టము మొదలు 2021 నాటి అంతర్గత నౌకాచట్టము వరకు శాసనములు చెప్పుచునే యున్నవి. ఆ పత్రములను జనము ఎక్కకముందు రేవున చూడవలెను. మునిగిన తరువాత విచారణ సంఘమున చూచిన లాభమేమి? నాలుగవది: ప్రతి బడిపిల్లకు, ఆడయైనను మగయైనను, ఈత.

కార్డులు గల మన యువకులతో నాకు కలహము లేదు. సముద్రగర్భమును చూడవలెనను కోరిక మంచిది. బావిలో కప్ప బ్రదుకుకంటె వేయిరెట్లు మేలు. వారి నొక్కటియే అడిగెదను. అయ్యా, రక్షకుడను కార్డు మీ సంచిలో నున్నదిగదా. వేసవి సెలవులలో ఒక వారము మీ యూరికి వచ్చి, వాగుగట్టున పదిమంది పిల్లలకు ఈత నేర్పుడు. మునిగినవాని కడుపులో నీరు కక్కించుటకు తలక్రిందులుగా త్రిప్పరాదనియు, నోట ఊపిరి యూదవలెననియు తల్లులకు చూపుడు. మీ ఊరి గజయీతగానికి మీరెరిగిన శాస్త్రము చెప్పి, వాడెరిగిన సుడులను వానివద్ద నేర్చుకొనుడు. అప్పుడు మీ ఇరువది కార్డులకును అర్థము కలుగును. ఆ పనికి ముద్ర లేదు, రుసుము లేదు, బిరుదు లేదు. ఒక పిల్లవాడు బ్రదికి ఇంటికి పోవుట మాత్రమే కలదు.

గోదావరికి అక్షరములు రావు. వచ్చినవాడు ఎన్నవ శ్రేణివాడో అది చదువలేదు. వాని చేయి యెట్లున్నదో, గుండె యెట్లున్నదో మాత్రమే చూచును. ఆ పరీక్షలో నెగ్గినవారు మన యొడ్డున నున్నారు. వారి పేర్లు వ్రాయుట మన వంతు.